పళ్ళ డాక్టరు కుర్చీలో భయం: మత్తు ఇవ్వకుండా ఎంతవరకు తగ్గించగలం?

పంటినొప్పి వచ్చిన రాత్రి లవంగం అదుముకుని తెల్లవార్లూ కూర్చుంటారు. తీరా తెల్లారాక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ‘కాస్త తగ్గినట్టుంది, చూద్దాంలే’ అంటారు. ఇలాంటివాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారనుకుంటే పొరపాటు. 2021లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసి, పెద్దవాళ్ళలో సుమారు 15 శాతం మందికి దంతచికిత్స అంటే భయం ఉందని, 12 శాతం మందికి పైగా అది ఎక్కువ స్థాయిలోనే ఉందని, 3 శాతం మందిలో మరీ తీవ్రమని లెక్కకట్టింది. బ్రిటన్‌లో 2009లో జరిగిన దంతారోగ్య సర్వేలో కూడా తీవ్రమైన ఆందోళన ఉన్నవారు 12 శాతం తేలారు.

ఈ భయానికి వైద్యం దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు మందు. ఆందోళన తగ్గించే మాత్ర, ముక్కుకు తగిలించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు, నరానికి ఎక్కించే మిడజోలాం, చివరికి పూర్తి మత్తు. ఇవేవీ లేకుండా, మాటతోనో పద్ధతితోనో పరిసరాలతోనో భయస్తుణ్ణి కుదుటపరచడం ఎలా అన్నదాని మీద అరవై ఏళ్ళకు పైగా పరిశోధన సాగుతోంది. వ్యాసాలు కుప్పలుగా పెరిగాయి, చిక్కుముడీ పెరిగింది. సంగీతం పనిచేస్తుందని ఒకరు, చేయదని ఒకరు. మానసిక చికిత్స ఫలితం మందు కంటే ఎక్కువ కాలం నిలుస్తుందని ఒక ప్రయోగం, రెండింటికీ తేడా లేదని మరొకటి. ఈ వాదాలను వరసగా పేర్చి చూస్తే, తగువులో సగం నిజమైన తగువు కాదనిపిస్తుంది. ఒకే పేరు కింద వేరువేరు ప్రశ్నలకు జవాబులు వెతుకుతున్నారు.

ముందే ఒక మాట. ఇక్కడ మందు లేకుండా అంటే మనిషిని మత్తులోకి పంపే మందులు లేకుండా అని. చిగురులో వేసే తిమ్మిరి ఇంజెక్షన్ సంగతి వేరు. అది మానేసి భయం తగ్గిస్తామనడం క్రూరత్వం. ఈ రంగంలో బాధ్యత గల వారెవరూ ఆ మాట అనరు.

నొప్పి తగ్గింది, భయం మిగిలింది

1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హోరస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్ను తానే పీకించుకున్నాడు. రెండేళ్ళ తర్వాత విలియం మోర్టన్ ఈథర్‌ను లోకానికి చూపించాడు. మొత్తం శస్త్రచికిత్సకే మత్తు నేర్పిన ఈ ఇద్దరూ పళ్ళ డాక్టర్లే కావడం యాదృచ్ఛికం కాదు. నొప్పితో రోజూ ముఖాముఖి తలపడిన వృత్తి అది. తర్వాత కొకైన్, దాని వెనుక ప్రొకెయిన్, 1948లో మార్కెట్లోకి లిడొకెయిన్ వచ్చాయి. 1957లో గాలి ఒత్తిడితో తిరిగే ఎయిరోటర్ డ్రిల్ వచ్చి, నిమిషాల తరబడి పన్నును కుదిపే పనిని క్షణాలకు కుదించింది.

నొప్పి పోతే భయం దానంతటదే పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు. దాంతో ప్రశ్న ఔషధశాస్త్రం చేతుల్లోంచి మనస్తత్వశాస్త్రం చేతుల్లోకి వెళ్ళింది. చిత్రమేమిటంటే నేటి ప్రధాన మార్గాలు మూడూ దాదాపు రెండేళ్ళ వ్యవధిలోనే మొలిచాయి. 1958లో జోసెఫ్ వోల్పే భయాన్ని మెట్లు మెట్లుగా అలవాటు చేసి పోగొట్టే పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. 1959లో హెరాల్డ్ ఆడెల్‌స్టన్ పిల్లల దంతవైద్యంలో ‘చెప్పు, చూపు, చెయ్యి’ అనే మూడంచెల సూత్రాన్ని ప్రతిపాదించాడు. అదే సమయంలో బోస్టన్ ప్రాంతంలో వాలెస్ గార్డ్‌నర్ అనే దంతవైద్యుడు, లిక్‌లైడర్ అనే శాస్త్రవేత్త కలిసి రోగి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి సంగీతం, జలపాతపు హోరు లాంటి శబ్దం వినిపిస్తూ వేల సంఖ్యలో పంటి పనులు చేశామని ప్రకటించారు. ఈ లిక్‌లైడరే తర్వాతి కాలంలో కంప్యూటర్ల అనుసంధానాన్ని ఊహించి, ఇంటర్నెట్‌కు ఆలోచనాపరంగా దారివేసినవారిలో ఒకడయ్యాడు.

హోరుతో నొప్పి పోయిందన్న మాట పెద్ద సంచలనమైంది. నాలుగేళ్ళు తిరక్కుండానే 1963లో రొనాల్డ్ మెల్జాక్ బృందం దాన్ని ప్రయోగశాలలో పరీక్షించింది. శబ్దం ఒక్కటే వినిపిస్తే ఓర్పు పెరగలేదు. ‘ఇది నొప్పిని తగ్గిస్తుంది’ అని గట్టిగా నమ్మించి వినిపిస్తే పెరిగింది. పనిచేసినది యంత్రమా, మాటా? ఆనాటి ఈ ప్రశ్నను నేటి వర్చువల్ రియాలిటీ కళ్ళద్దాల దాకా ప్రతి పరికరానికీ వేయవలసే ఉంది.

భయం వచ్చే దారులు

భయం మూడు దారుల్లో వస్తుందని 1977లో స్టాన్లీ రాక్‌మన్ వివరించాడు: స్వయంగా పడిన దెబ్బ, ఇతరులు భయపడుతుంటే చూడటం, విన్న మాటలు. మూడో దారికి మన ఇళ్ళలో ఉదాహరణలకు కొదవ లేదు. పైపళ్ళు తీయిస్తే కంటిచూపు పోతుందని, పళ్ళు క్లీనింగ్ చేయిస్తే వదులవుతాయని ఇప్పటికీ నమ్మేవారున్నారు. రెండింటికీ ఆధారం లేదు. ‘అల్లరి చేస్తే డాక్టరు చేత సూది పొడిపిస్తా’ అన్న బెదిరింపు అయితే పిల్లవాడు ఆసుపత్రి గడప తొక్కకముందే పని పూర్తిచేస్తుంది.

అందరి భయమూ చిన్ననాటిదే అన్న అభిప్రాయం కొంతవరకే నిజం. కెనడాలో డేవిడ్ లాకర్ బృందం 1999లో పరిశీలిస్తే సగం మందికే చిన్నతనంలో మొదలైంది. సుమారు నాలుగో వంతు మందికి పెద్దయ్యాక వచ్చింది. గ్రాహం డేవీ 1989లో చెప్పిన సంగతి ఇంకా పనికొచ్చేది: మొదట్లో నొప్పిలేని సందర్శనలు కొన్ని జరిగి ఉంటే, తర్వాత ఒక చేదు అనుభవం ఎదురైనా అది భయంగా పాతుకుపోయే అవకాశం తక్కువ. పిల్లవాణ్ణి మొట్టమొదట పిప్పి పన్ను బాధతో ఏడుస్తుండగా తీసుకెళ్ళడం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది.

జేసన్ ఆర్మ్‌ఫీల్డ్ 2006లో దృష్టిని సంఘటనల మీది నుంచి మనిషి అంచనాల మీదికి మళ్ళించాడు. నా చేతుల్లో ఏమీ లేదు, ఎప్పుడేం జరుగుతుందో తెలియదు, ఇది ప్రమాదం, ఇది అసహ్యం. ఈ నాలుగు భావాలు ఎంత బలంగా ఉంటే భయం అంత బలంగా ఉంటుందన్నది అతని వాదం. దంతవైద్యుడి కుర్చీలో మొదటి రెండూ సహజంగానే ఉంటాయి. వెల్లకిలా పడుకోవాలి, నోరు తెరిచి ఉంచాలి, మాట్లాడలేం, జరుగుతున్నది మనకు కనపడదు.

భయం తనను తాను ఎలా పెంచుకుంటుందో స్వీడన్‌లో ఉల్ఫ్ బెర్గ్రెన్ 1984లో ఒక విషవలయంగా చూపించాడు. భయపడినవాడు వెళ్ళడు. వెళ్ళకపోతే పన్ను పాడవుతుంది. పాడైన నోరు చూపించాలంటే సిగ్గు. చివరికి ఓర్వలేని నొప్పితో వెళితే అప్పుడు చేయవలసిన పని పెద్దదీ బాధాకరమైనదీ అవుతుంది, భయం రెట్టింపవుతుంది. దీనికి గెరీ కెంట్ 1985లో మరో మలుపు జోడించాడు. చికిత్సకు ముందు ఎంత నొప్పి ఉంటుందనుకుంటున్నారో, అయ్యాక ఎంత అనిపించిందో, మూడు నెలల తర్వాత ఎంతగా గుర్తుందో అడిగాడు. బాగా భయపడేవారి జ్ఞాపకం, వాళ్ళు నిజంగా అనుభవించిన నొప్పికి కాక ముందు ఊహించుకున్న నొప్పికే దగ్గరగా తేలింది. అంటే ఒక సిట్టింగ్ హాయిగా గడిచినంత మాత్రాన సరిపోదు, ఆ హాయి గుర్తుండాలి. ఈ ఒక్క పరిశీలనను పట్టించుకోని ప్రయోగాలు ఎన్నో ఉన్నాయి.

భయమంతా ఒక్క రకం కాదన్నది కూడా మరచిపోతుంటారు. సూది, రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయే వారిలో రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటివారికి ‘ఒళ్ళు వదులు చేసి ప్రశాంతంగా ఉండండి’ అని చెప్పడం ఎదురుతిరిగే సలహా. చేతులూ కాళ్ళూ బిగించి రక్తపోటును నిలబెట్టే పద్ధతిని స్వీడన్‌కు చెందిన లార్స్-గొరాన్ ఓస్ట్ 1980ల్లోనే రూపొందించాడు.

కొలబద్దల దగ్గర మొదలైన గందరగోళం

1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నల కొలమానం తయారుచేశాడు. అందులో తిమ్మిరి ఇంజెక్షన్ గురించి ప్రశ్న లేదు. 1995లో గెరీ హంఫ్రిస్ దాన్ని చేర్చి ఐదు ప్రశ్నలు చేశాడు: రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే, బయట వరసలో కూర్చుంటే, డ్రిల్ చేయబోతుంటే, క్లీనింగ్ చేయబోతుంటే, చిగురులో ఇంజెక్షన్ వేయబోతుంటే మీకెలా ఉంటుంది? ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 25కి 19 లేదా అంతకంటే ఎక్కువ వస్తే తీవ్రమైన ఆందోళన. రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఇది మనిషికున్న శాశ్వత భయాన్ని అడుగుతుంది. చాలా ప్రయోగాలు కొలిచేది మాత్రం ఆ క్షణపు అలజడిని, నాడి వేగంతోనో చిన్న ప్రశ్నావళితోనో. పిల్లల విషయంలో ఇంకో మెలిక. 1962 నాటి ఫ్రాంకెల్ కొలమానం పిల్లవాడు ఎంత సహకరించాడన్నదాన్ని నాలుగు మెట్లుగా చూస్తుంది. బిక్కచచ్చి కదలకుండా పడి ఉన్న పిల్లవాడికీ, ధైర్యంగా కూర్చున్న పిల్లవాడికీ అందులో ఒకే మార్కు పడవచ్చు. డాక్టరుకు పని జరిగితే చాలు. పిల్లవాడికి ఏం జరిగిందన్నది వేరే లెక్క.

మాట, నమ్మకం, ఆగే సైగ

ఆడెల్‌స్టన్ సూత్రం నేటికీ ప్రపంచమంతటా పిల్లల దంతవైద్యానికి పునాది. ముందు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి, ఆ పరికరాన్ని వేలి గోరు మీద తిప్పి చూపించాలి, చెప్పినదే చెయ్యాలి. ఆర్మ్‌ఫీల్డ్ చెప్పిన ‘ఏం జరుగుతుందో తెలియదు’ అన్న భావాన్ని ఇది నేరుగా కోస్తుంది. ‘నా చేతుల్లో ఏమీ లేదు’ అన్నదానికి విరుగుడు ఆగే సైగ. ఎడమ చెయ్యి ఎత్తితే డాక్టరు వెంటనే పని ఆపాలి. దీనికి పరికరం అక్కర్లేదు, శిక్షణా పెద్దగా అక్కర్లేదు. షరతు ఒక్కటే: ఎత్తినప్పుడల్లా ఆగాలి. ‘ఒక్క నిమిషం, అయిపోవచ్చింది’ అని కొనసాగిస్తే ఆ సైగ లేకపోవడం కంటే హీనం. తనకు అదుపు లేదన్న రోగి అనుమానం రుజువైపోతుంది.

ఈ వర్గంలోనే మరో పాయ చూసి నేర్చుకోవడం. 1975లో బార్బరా మెలమెడ్ బృందం, తోటి పిల్లవాడు ధైర్యంగా చికిత్స చేయించుకునే సినిమాను ముందుగా చూపిస్తే పిల్లల్లో భయం, మొండితనం తగ్గాయని తేల్చింది. అన్నయ్య పన్ను పీకించుకుంటుంటే చెల్లెలిని పక్కన కూర్చోబెట్టే పాత అలవాటుకు ఇది శాస్త్రీయ రూపం, అన్నయ్య ఏడవనంత వరకు.

మాట వర్గానికి ఒక చీకటి పేజీ ఉంది. అరిచే పిల్లవాడి నోటికి చెయ్యి అడ్డుపెట్టి, మాట వింటే తీస్తానని చెప్పే పద్ధతి అమెరికాలో దశాబ్దాల పాటు ఆమోదిత పద్ధతుల్లో ఉండేది. అక్కడి పిల్లల దంతవైద్యుల అకాడమీ 2006లో దాన్ని మార్గదర్శకాల నుంచి తొలగించింది. పిల్లవాడిని పట్టీలతో కదలకుండా బిగించే పద్ధతి మీద తగువు ఇంకా తెగలేదు. మందు వాడలేదు కాబట్టి మృదువైన పద్ధతి అనుకోవడం ఎంత తప్పో ఈ చరిత్ర చెబుతుంది.

దృష్టి మళ్ళించడం

పరిశోధనల సంఖ్యలో ఈ వర్గానిదే పైచెయ్యి. సంగీతం, టీవీ, వీడియో కళ్ళద్దాలు, చేతిలో ఆట, వర్చువల్ రియాలిటీ. మన దేశం వాటా కూడా ఇందులోనే ఎక్కువ. కర్ణాటకలోని దావణగెరెలో ప్రభాకర్, మార్వా, రాజు 60 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. వినడం ఒక్కటే ఉన్నదాని కంటే చూడటం, వినడం రెండూ ఉన్న వినోదం మెరుగని అది తేల్చింది. తర్వాత ఇదే నమూనాలో ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. పరికరం మారుతోంది, ప్రశ్న మారడం లేదు.

వీటన్నిటిలో ఆలోచింపజేసేది ఇంగ్లండ్‌లోని డెవాన్ ప్రాంతంలో జరిగిన ప్రయోగం. ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు రోగులకు వర్చువల్ రియాలిటీలో కొందరికి సముద్రతీరం, కొందరికి నగర వీధులు చూపించి, మిగతావారికి మామూలు చికిత్స చేశారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం తీరంలో నడిచినవారికి నొప్పి తక్కువ అనిపించింది, తర్వాత గుర్తుచేసుకున్నప్పుడు కూడా తక్కువే అనిపించింది. నగరంలో తిరిగినవారికి మామూలు చికిత్సతో పోలిస్తే లాభం లేదు. కేవలం ధ్యాస మళ్ళించడమే కారణమైతే నగరమూ పనిచెయ్యాలి కదా!

అయినా ఈ వర్గం మీద రెండు అభ్యంతరాలు నిలుస్తాయి. ఒకటి సాక్ష్యం నాణ్యత. పిల్లలు ఇంజెక్షన్‌ను ఒప్పుకునేలా చేసే పద్ధతులపై 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (ఒక అంశంపై జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే అంతర్జాతీయ నివేదిక) 26 ప్రయోగాలను, 2,435 మంది పిల్లలను పరిశీలించి, ఏ పద్ధతినీ గట్టిగా సిఫార్సు చేయలేమని చెప్పింది. రెండోది సూత్రానికి సంబంధించినది. భయం తీవ్రంగా ఉన్నవాడికి కళ్ళూ చెవులూ మూసేస్తే మిగిలిన కాస్త అదుపూ పోయినట్టవుతుంది. స్వల్పంగా బెరుకున్నవారికి ఇది హాయి, గట్టిగా భయపడేవారికి ఎదురు ఫలితం ఇవ్వవచ్చు. ప్రయోగాల్లో ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తే సగటు ఏమీ చెప్పదు.

భయానికి ఎదురు నిలిపే చికిత్స

వోల్పే పద్ధతి నుంచి నేటి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దాకా సాగిన దారి ఇది. మొదటి రోజు కుర్చీలో కూర్చోవడమే. తర్వాత అద్దం నోట్లో పెట్టించుకోవడం, డ్రిల్ శబ్దం వినడం, మూత తీయని సిరంజిని చిగురుకు తాకించడం. ఒక్కో మెట్టు దగ్గర ‘ఏమవుతుందని అనుకున్నారు, ఏమైంది’ అని పోల్చి చూపిస్తారు. కెంట్ చెప్పిన తప్పుడు జ్ఞాపకానికి సరైన మందు ఇక్కడే ఉంది.

సాక్ష్యం కూడా ఇక్కడే బలంగా ఉంది. క్వాలె, బెర్గ్రెన్, మిల్‌గ్రోమ్ 2004లో పెద్దవాళ్ళపై జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూస్తే భయం గణనీయంగా తగ్గినట్టు కనిపించింది. లండన్‌లోని కింగ్స్ కాలేజీ వారు తమ దగ్గరికి వచ్చిన 130 మంది రికార్డులను తిరగేసి 2015లో ప్రకటించిన లెక్క తరచూ ఉదహరిస్తారు: 79 శాతం మంది మత్తు అవసరం లేకుండానే పంటి చికిత్స చేయించుకున్నారు. పోల్చడానికి మరో గుంపు లేదన్న లోపం ఉన్నా, వీరిలో చాలామంది మత్తు కోసమే వచ్చే కోవకు చెందినవారని గుర్తుంచుకోవాలి.

అసలు తగువు మందుతో పోలికలో ఉంది. జర్మనీలో థోమ్ బృందం 2000లో 50 మందిని మూడు గుంపులుగా చేసింది. ఒక్క సిట్టింగ్ మానసిక చికిత్స పొందినవారు, మిడజోలాం తీసుకున్నవారు, ఏదీ లేనివారు. ఆ రోజు రెండు చికిత్సలూ ఆందోళన తగ్గించాయి. తర్వాత పంటి వైద్యం కొనసాగించినవారు మొదటి గుంపులో 70 శాతం, మందు గుంపులో 20 శాతం, మూడో గుంపులో 10 శాతం. మానసిక చికిత్స పక్షాన ఇంతకంటే పదునైన అంకెలు లేవు.

దీనికి ఎదురుగా నార్వే నిలిచింది. అక్కడ విల్లుమ్సెన్ బృందం 2001లో నైట్రస్ ఆక్సైడ్, కాగ్నిటివ్ థెరపీ, రిలాక్సేషన్ మూడింటినీ పోలిస్తే మూడూ మేలు చేశాయి. 2021లో వచ్చిన మరో ప్రయోగంలో దంతవైద్యులే చేసిన మానసిక చికిత్సనూ, మిడజోలాంతో చేసిన చికిత్సనూ పోల్చారు. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు గెలిచిందా? అలా అనుకునే ముందు ఆ రెండో గుంపును దగ్గరగా చూడాలి. వాళ్ళకు మాత్ర ఇచ్చి వదిలేయలేదు. రోగితో ఎలా మాట్లాడాలి, వాళ్ళ ఆందోళనను ఎలా వినాలి అన్నదానికి ఒక క్రమపద్ధతిని పాటిస్తూ పలు సిట్టింగ్‌లు నడిపారు. జర్మనీ ప్రయోగంలో మందు ఒంటరి, నార్వేలో మందుకు మాట తోడు. రెండు ఫలితాల మధ్య వైరుధ్యానికి ఇదే ముఖ్య కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హిప్నాసిస్, వాసన, వెలుతురు

హిప్నాసిస్‌కు మన దేశంలో పాత చరిత్రే ఉంది. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డైల్ మెస్మరిజంతో శస్త్రచికిత్సలు చేశాడు. దంతవైద్యంలో దీన్ని నమ్మేవారు గట్టిగా నమ్ముతారు, కానీ పిల్లల విషయంలో 2010 నాటి కాక్రేన్ సమీక్షకు అర్హమైన ప్రయోగాలు మూడే దొరికాయి. లావెండర్ వాసనపై లండన్‌లో జరిగిన అధ్యయనం ఈ మొత్తం చర్చకు చక్కటి ఉదాహరణ: వెయిటింగ్ హాల్లో కూర్చున్నవారి ఆ క్షణపు అలజడి తగ్గింది, పంటి చికిత్స పట్ల వాళ్ళకున్న భయం మాత్రం మారలేదు.

ఆటిజం ఉన్న పిల్లల విషయం వేరు. వాళ్ళకు మిరుమిట్లు గొలిపే లైటు, యంత్రాల శబ్దం, స్పర్శ నిజంగానే భరించరానివి. వెలుతురు తగ్గించి, మెల్లని సంగీతంతో, ఒంటిని హత్తుకునే కవచంతో మార్చిన గదులపై ఇజ్రాయెల్‌లో, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ప్రయోగాలు మంచి ఫలితాలిచ్చాయి. 162 మంది పిల్లలపై జరిగిన అమెరికా అధ్యయనం 2023లో వెలువడింది.

భయపెట్టే పనినే తగ్గిస్తే?

భయం పుస్తకాల్లో తక్కువగా కనిపించే దారి ఇది. 1980ల్లో టాంజానియాలో కరెంటు లేని ఊళ్ళ కోసం యో ఫ్రెంకెన్ అనే దంతవైద్యుడు డ్రిల్ లేకుండా చేతి పనిముట్లతో పుచ్చు తీసి నింపే పద్ధతిని పెంపొందించాడు. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు పాలపళ్ళ పుచ్చును తవ్వకుండా, ఇంజెక్షన్ లేకుండా స్టీలు క్యాప్ నొక్కి మూసేసేది. 2007లో ఆ పద్ధతిని మామూలు ఫిల్లింగ్‌తో పోలిస్తే పిల్లల్లో 77 శాతం, తల్లిదండ్రుల్లో 83 శాతం, డాక్టర్లలో 81 శాతం దీనివైపే మొగ్గారు. పుచ్చు మీద పూసి ఆపే సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ ఉంది. అది పుచ్చిన చోటును నల్లగా మారుస్తుంది, ముందుపళ్ళకైతే చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకోరు. పెద్దవాళ్ళ రూట్ కెనాల్‌కు ఈ దారిలో జవాబు లేదు. పిల్లలకు మాత్రం, భయపడుతున్న పనిని చేయకుండానే పన్ను కాపాడగలిగినప్పుడు, వీడియో కళ్ళద్దాలు కొనే ముందు దీన్ని ఆలోచించాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

నిజానికి ఇక్కడ మూడు ప్రశ్నలున్నాయి. ఈ రోజు సిట్టింగ్ గడుస్తుందా? మనిషి మళ్ళీ వస్తాడా? భయమే తగ్గుతుందా? సంగీతం, వాసన, వర్చువల్ రియాలిటీ మొదటిదానికి జవాబిస్తాయి, అదీ బెరుకు స్వల్పంగా ఉన్నవారికి. మానసిక చికిత్స మూడోదానికి జవాబిస్తుంది, కానీ సమయం, మనిషి, డబ్బు అడుగుతుంది. రెండో ప్రశ్నను అడిగిన ప్రయోగాలు తక్కువ. అడిగినచోట నమ్మకం, అదుపు ఇచ్చిన పద్ధతులే ముందున్నాయి. చెప్పి చేయడం, ఆగే సైగ అన్నవి మూడింటికీ ఎంతో కొంత పనికొస్తాయి. ఖర్చు లేనివి కాబట్టే కాబోలు, వాటి మీద పరిశోధనకు ఉత్సాహం కూడా తక్కువ.

ఇంకా తేలనివి

మానసిక చికిత్స ఎవరు చెయ్యాలి? లండన్‌లో దాన్ని దంతవైద్యం పక్కనే ఉన్న మానసిక సేవా విభాగం చేసింది. నార్వే ప్రభుత్వం చిత్రహింసలకు, లైంగిక దాడులకు గురైనవారి కోసం, తీవ్ర దంతభయం ఉన్నవారి కోసం మనస్తత్వవేత్త, దంతవైద్యుడు కలిసి పనిచేసే బృందాలను ఉచితంగా నడుపుతోంది. దంతవైద్యుడు ఒక్కడే నేర్చుకుని చేయగలడని అదే దేశపు 2021 ప్రయోగం సూచిస్తోంది. అది నిజమని తేలితే మనలాంటి చోట్ల చాలా మార్పు వస్తుంది.

తల్లిదండ్రులు లోపల ఉండాలా, బయట ఉండాలా అన్నది మరొకటి. అధ్యయనాలు రెండువైపులా ఉన్నాయి. తల్లి ముఖంలోని కంగారును పిల్లవాడు చదువుతాడు, తల్లి లేకపోతే మరీ చిన్నవాడు తల్లడిల్లుతాడు. వయసును, ఆ తల్లి తీరును బట్టి తేల్చడం తప్ప సూత్రం లేదు. మూడోది ప్రయోగాల తీరు. మందు ప్రయోగంలో ఏది మందో ఏది ఉత్తదో రోగికి తెలియకుండా చేయవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి పెట్టుకున్నానని తెలుసు. మెల్జాక్ 1963లో లేవనెత్తిన అనుమానం అందుకే ఇంకా బతికుంది.

మన దగ్గర

తెలుగు రాష్ట్రాల్లో పంటి వైద్యం ఎక్కువగా ప్రైవేటు క్లినిక్కుల్లో, పన్నుకింత, సిట్టింగ్‌కింత అని సాగుతుంది. మాట్లాడే పావుగంటకు బిల్లు లేదు. రోగితో పాటు ఇంటిల్లిపాదీ రావడం, మొరాయించే పిల్లవాడి చేతులు పట్టుకోమని నాన్నకో మామయ్యకో చెప్పడం మామూలే. బీడీఎస్ చదువులో పిల్లల దంతవైద్యం కింద బాలల మనస్తత్వం, ప్రవర్తన నేర్పుతారు. పరిశోధనలూ ఎక్కువగా పిల్లల మీదే, అదీ దృష్టి మళ్ళించడం మీదే. ఇరవై ఏళ్ళుగా డాక్టరు గడప తొక్కని నలభై ఏళ్ళ మనిషి గురించి మన దగ్గర పట్టింపు తక్కువ. బెర్గ్రెన్ విషవలయంలో ఇరుక్కున్నది ఎక్కువగా అతనే.

కళాశాలలు కొత్త పరికరాల పోలికలు కొంతకాలం పక్కన పెట్టి, ఐదు ప్రశ్నల కొలమానాన్ని కేస్‌షీట్‌లో చేర్చి, ఆగే సైగను పాటించిన క్లినిక్కుల్లో రోగులు రెండో సిట్టింగ్‌కు ఎంతమంది తిరిగివచ్చారో లెక్కపెడితే, పైన చెప్పిన రెండో ప్రశ్నకు మన గడ్డ మీది జవాబు దొరుకుతుంది. అందుకు పెద్ద నిధులేవీ అక్కర్లేదు. ఈలోగా, భయం ఉన్న పాఠకులు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘నాకు భయం ఎక్కువండి’ అని చెప్పండి. మొదటి రోజు చూసి మాట్లాడటం వరకే అని ఒప్పందం చేసుకోండి. చెయ్యి ఎత్తితే ఆపుతారా అని అడగండి. ఆపనివారి దగ్గరికి రెండోసారి వెళ్ళకండి, కానీ పంటి డాక్టరు దగ్గరికే వెళ్ళడం మానకండి.